చేదు ఆనపకాయ వండకండి

పోయిన వారం మా వీధి చివరింటి వదిన రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. కారణం మిద్దె మీద కాసిన ఆనపకాయ. తంబురాకు వాడే బుర్ర జాతి గింజలని ఎవరో ఇస్తే, ముచ్చటపడి పెట్టింది. తరుగుతూ ఓ ముక్క నోట్లో వేసుకుంటే చేదుగానే ఉందట. "పాలు పోసి వండితే పోతుందిలే" అనుకుంది. తిన్న కాసేపటికే వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోయింది.

తొలకరి రోజులు. కొత్త కొత్త తీగల గింజలు చేతులు మారుతున్నాయి. పందిరి, ఎరువు సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఒక్కటే: చేదు ఆనపకాయ వండకండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషం. ఉడికించినా పోదు, విరుగుడు మందు లేదు. చేదు ఆనపకాయ రసం తాగి మనుషులు పోయాక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణులతో ఓ కమిటీ వేసింది. ముందు చిన్న ముక్క రుచి చూడండి, చేదైతే పారేయండి అని ఆ కమిటీ చెప్పింది. 2015లో జర్మనీలో 79 ఏళ్ల పెద్దాయన పెరటి జుకీని (గుమ్మడి జాతి కాయ) కూర తిని చనిపోయాడు. చేదుగా ఉందని కొంచెమే తిన్న భార్య బతికింది.

కాకర చేదు కాదా అంటారు. కాకరకు చేదు పుట్టుకతో ఉంది. ఉండకూడని కాయలో వస్తేనే భయం.

పక్కన చేదు బుర్ర జాతి పాదు ఉండి దాని పుప్పొడి పడినా ఈ ఏటి కాయకు చేదు రాదు. ఆ కాయ గింజ నాటితే వచ్చే ఏడు చేదు బయటపడుతుంది. విత్తనానికి ఉంచే ఆడ మొగ్గకు, మగ మొగ్గకు ముందే సంచి కట్టి, సాయంత్రం విచ్చాక చేత్తో పుప్పొడి అద్దండి.

ప్రతి కాయా నాలిక్కి తాకించి ఊసేయండి. నిన్నటి కాయ బాగుందని ఇవాల్టి కాయను నమ్మొద్దు.
పెంటకుప్ప మీద తనంతట మొలిచిన పాదును అసలు నమ్మొద్దు.
గులాబీ, నీలం రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటుంది. వంటింటి గ్లాసులో నానబెట్టొద్దు, మిగిలినవి కోళ్లకు వేయొద్దు.
చమ్మకాయ లేతదే తినాలి. ముదురు గింజ జోలికి పోవద్దు.
లిమా చిక్కుడు గింజ పచ్చిది నమలొద్దు, కడుపులో సయనైడ్ పుడుతుంది. బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోయండి.
శంఖుపూల టీకి పువ్వు చాలు. గింజ వద్దు.
విత్తనాల డబ్బాలో గురిగింజలుంటే ఇప్పుడే తీసేయండి.
పేరు తెలియని దుంప తినొద్దు. మంట రంగు పూల అడవినాభి కూడా తీగే. దాని దుంప ప్రాణం తీస్తుంది.
పేరు రాయని పొట్లం నాటొద్దు.
వాంతి మొదలైతే మజ్జిగ, నిమ్మరసం అంటూ కూర్చోవద్దు. ఆసుపత్రికి పరుగెత్తండి, మిగిలిన ముక్క వెంట పట్టుకెళ్లండి.
చేదు ఆనపకాయ వండొద్దు. పశువుకూ వేయొద్దు. గింజ దాచొద్దు.

వదిన పందిరికి ఇంకా మూడు కాయలు వేలాడుతున్నాయి. అన్నయ్యకేమో పాదు పీకడానికి మనసొప్పడం లేదు. సాయంత్రం కత్తి పట్టుకుని నేనే వెళ్తున్నా.