సన్మాన పత్రం రాద్దాం – 4వ పాఠం: ముందు అడ్డంకి, తర్వాత మనిషి

గత పాఠంలో విశేషణాలు కొట్టేయడం సాధన చేశాం. "ధీరవనిత", "నారీశక్తికి నిలువెత్తు నిదర్శనం" లాంటివి తీసేస్తే చాలామందికి పత్రంలో పేరూ పదవీ తప్ప ఏమీ మిగలదు. కంగారు పడకండి. ఆ ఖాళీలో ఏం నింపాలో ఈ పాఠంలో చూద్దాం.

ఉదాహరణకు లాస్ ఏంజెలెస్ నాయకురాలు గ్లోరియా మొలీనాను తీసుకుందాం. మెక్సికన్ మూలాలున్న కార్మిక కుటుంబంలో 1948లో పుట్టారు. పదిమంది పిల్లల్లో పెద్దావిడ. 1982లో కాలిఫోర్నియా అసెంబ్లీకి, 1987లో లాస్ ఏంజెలెస్ నగర కౌన్సిల్‌కు, 1991లో కౌంటీని (మన జిల్లాలాంటిది) పాలించే సూపర్‌వైజర్ల బోర్డుకు ఎన్నికయ్యారు. మూడు చోట్లా లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళ) నుంచి వెళ్ళిన తొలి మహిళ ఆవిడే.

కొత్తగా రాసేవాళ్ళు ఇక్కడే "చరిత్ర సృష్టించారు" అని ముగించేస్తారు. అలా ముగించకండి. అంతవరకూ ఎవరూ ఎందుకు రాలేకపోయారో అడగండి. పత్రానికి బలం ఆ జవాబులోనే ఉంది.

ఆ కౌంటీ బోర్డులో ఉండేది ఐదుగురే. 1990లో ఆ ఐదుగురి కింద 88 లక్షల జనం. ఆసుపత్రులు, జైళ్ళు, సంక్షేమం అన్నీ వాళ్ళ చేతిలోనే. జనంలో మూడోవంతుకు పైగా లాటినోలు ఉన్నా బోర్డులో ఒక్కరూ లేరు. అది ఓటర్ల ఉదాసీనత కాదు. నియోజకవర్గాల హద్దులు లాటినో ఓట్లు చీలిపోయేలా కావాలనే గీశారని గార్జా కేసులో ఫెడరల్ కోర్టు 1990లో తేల్చింది. హద్దులు మళ్ళీ గీశారు. 1991 ఫిబ్రవరిలో అక్కడ మొలీనా గెలిచారు.

ఇప్పుడు వాక్యం ఇలా రాయండి: "ఓట్లను చీల్చి గీసిన హద్దులను కోర్టు చెరిపేశాక, కొత్త హద్దుల్లో జరిగిన మొదటి ఎన్నికలోనే గ్లోరియా మొలీనా గెలిచి బోర్డులో కూర్చున్నారు." ఒక్క పొగడ్త లేదు, అయినా తల ఎత్తి చూస్తాం.

"తొలి" అని రాసే ముందు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. ఆ బోర్డుకు ఎన్నికైన తొలి మహిళ కూడా మొలీనాయే. కానీ 1979లోనే ఇవాన్ బర్క్ నియామకం మీద అక్కడ సభ్యురాలిగా ఉన్నారు. "ఎన్నికైన" అన్నది వదిలేస్తే మరో మహిళకు అన్యాయం చేసినట్టే.

రెండో పని: ఆ జీవితంలో రెండుసార్లు ఎదురయ్యే చోటు ఒకటి వెతకండి. నాకు కనిపించింది కౌంటీ ఆసుపత్రి. అక్కడ కాన్పుకొచ్చిన మెక్సికన్ తల్లులకు, నొప్పులు పడుతున్న సమయంలో, అర్థంకాని ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. 1975లో పదిమంది తల్లులు కోర్టుకెక్కారు. మొలీనా ముందుండి నడిపిన మహిళా సంఘం కొమిసియోన్ ఫెమెనిల్ వాళ్ళ పక్షాన నిలిచింది. కేసు ఓడిపోయింది. కానీ ఆ పోరాటం వల్ల అంగీకార పత్రాలు స్పానిష్‌లోనూ వచ్చాయి. 1991లో, ఆ ఆసుపత్రిని నడిపే బోర్డులోకే ఆవిడ వెళ్ళారు. ఇంతకంటే చెప్పక్కర్లేదు, ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే చాలు.

ఓటమిని దాచకండి. పదవీకాల పరిమితి వల్ల 2014లో బోర్డు వదిలారు. 2015లో నగర కౌన్సిల్‌కు మళ్ళీ పోటీచేసి ఓడారు. అధికారులను నిలదీసే మనిషి, మాట కరుకని పేరు. అవీ రాయాలి. దేవతను చేసి నిలబెడితే, చదివే ఆడపిల్ల తనలాంటి మనిషేనని ఎలా అనుకుంటుంది?

చివర గౌరవం సంగతి ఒక్క ముక్కలో చాలు: 2023 మేలో ఆవిడ పోయారు. ఆవిడ పట్టుబట్టి సాధించిన, సిటీ హాల్ ఎదుటి గ్రాండ్ పార్క్‌కు అదే ఏడాది ఆవిడ పేరు పెట్టారు.

అభ్యాసం: మీ పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో మొదటిసారి ఆ కుర్చీ ఎక్కిన ఒక మహిళను ఎంచుకోండి. ఆవిడ పేరు రాయకుండా, అంతకుముందు ఎవరూ ఎందుకు రాలేదో ఐదు వాక్యాల్లో రాయండి. రిజర్వేషన్ వచ్చిన ఏడాది, వార్డు హద్దులు, ఊళ్ళో ఎవరి మాట చెల్లేదో, పాతవాళ్ళను అడిగి రాసుకోండి. ఆరో వాక్యంలోనే పేరు రావాలి. వచ్చే పాఠంలో అదే కాగితాన్ని సభలో పైకి చదివేలా సరిదిద్దుతాం.