సిమెంటు మిల్లు నియంత్రణ, 6వ పాఠం: ల్యాబ్ ఫలితం ఏ గంటకు చెందినది?

గత పాఠం చివర, సెపరేటర్ (మెత్తటి, ముతక రేణువులను వేరుచేసే యంత్రం) వేగం, మిల్లు ఫీడ్, బకెట్ ఎలివేటర్ లోడు అనే మూడు ట్రెండ్ల ఆధారంగా సిమెంటు బ్లెయిన్‌ను (సిమెంటు ఎంత మెత్తగా ఉందో చెప్పే కొలత) అంచనా వేసే సూత్రం, అంటే సాఫ్ట్ సెన్సర్, కట్టమని అడిగాను. గాజువాక పరిసరాల్లోని గ్రైండింగ్ యూనిట్లలో పనిచేస్తున్న పాఠకులు పంపిన షీట్లలో చాలావాటిలో ఒకే తప్పు కనిపించింది: సెపరేటర్ వేగం పెరిగితే బ్లెయిన్ తగ్గుతుందని సూత్రం చెబుతోంది. వేగం పెరిగినప్పుడు ముతక రేణువులు తిరిగి మిల్లులోకి పోతాయి కనుక బ్లెయిన్ పెరగాలి. ఈసారి చెప్పదలచుకున్న ప్రిడిక్టివ్ కంట్రోల్‌ను (ముందుగా అంచనా వేసి మిల్లును సర్దే పద్ధతి) వచ్చే పాఠానికి జరిపి, సూత్రంలో వేగం పక్కనున్న ఈ ధన-ఋణ గుర్తు ఎందుకు తలకిందులైందో ముందు తేల్చుకుందాం.

తప్పు లెక్కలో లేదు, గడియారంలో ఉంది. ల్యాబ్ రిజిస్టరులో ఫలితం రాసిన సమయాన్నే మీరంతా నమూనా సమయంగా తీసుకున్నారు. ఉదాహరణకు, ఆటో శాంప్లర్ 10:00 నుంచి 11:00 వరకు పోగుచేసిన సిమెంటు 11:10కి ల్యాబ్‌కు చేరి, చల్లారి, పరీక్ష ముగిసి, 11:45కి బ్లెయిన్ 340 (చ.మీ./కిలో) అని నమోదైందనుకోండి. ఈలోగా 11:20కి, అంతకుముందు గంట ఫలితం తక్కువగా ఉందని ఆపరేటరు సెపరేటర్ వేగాన్ని 72 శాతం నుంచి 76కు పెంచాడు. మీ షీటులో 340 పక్కన 76 చేరింది. తక్కువ బ్లెయిన్‌ను సరిదిద్దడానికి ఆపరేటరు తీసుకున్న చర్యనే ఆ తక్కువ బ్లెయిన్‌కు కారణంగా సూత్రం నేర్చుకుంది. నిజానికి ఆ 340 పక్కన ఉండవలసింది 10:00–11:00 మధ్య సగటు వేగం. సెపరేటర్ నుంచి శాంప్లర్ వరకు ప్రయాణానికి 10 నిమిషాలు పడితే 9:50–10:50 మధ్య సగటు.

ఇదే పొరపాటు దిద్దుబాటులోనూ చొరబడుతుంది. 11:45కి వచ్చిన ల్యాబ్ విలువను 11:45 నాటి అంచనాతో పోల్చకూడదు. 10:00–11:00 గంటకు దాచి ఉంచిన అంచనాతో పోల్చి, ఆ తేడాతోనే సూత్రాన్ని సర్దాలి. నేను తేడాలో మూడో వంతే కలుపుతాను, ఎందుకంటే ఒక్క నమూనా సరిగా కలవకపోయినా మిల్లు మొత్తాన్ని ఊపేయడం నాకు నచ్చదు.

1980 ప్రాంతంలో డెన్మార్క్‌లో అనుభవజ్ఞులైన ఆపరేటర్ల నియమాలను ఫజీ లాజిక్‌గా, అంటే ‘కొంచెం ఎక్కువ’, ‘బాగా తక్కువ’ వంటి మాటలతో పనిచేసే తర్కంగా, మార్చి సిమెంటు కిల్నులను (కాల్చే కొలుములను) నడిపినప్పుడు, ఎంతసేపు ఆగాలన్న వివేకం ఆ నియమాలతో పాటే వచ్చేది. నేటి ప్రిడిక్టివ్ కంట్రోలర్లు, సాఫ్ట్ సెన్సర్లు డేటా నుంచే నేర్చుకుంటాయి కనుక ఆ ఆలస్యాన్ని మనమే సరిగ్గా అందించాలి. వానాకాలంలో ఉక్కు కర్మాగారం నుంచి వచ్చే, సిమెంటులో కలిపే స్లాగ్‌లో తేమ గంటగంటకూ మారే మన విశాఖలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

అభ్యాసం: పది రోజుల రిజిస్టరు, అంటే 240 వరుసలు, తీసుకోండి. మిల్లు ఆగిన గంటలను, మళ్లీ మొదలయ్యాక మొదటి రెండు గంటలను తొలగించండి. ట్రెండ్లను 0 నుంచి 120 నిమిషాల వరకు పదేసి నిమిషాల చొప్పున వెనక్కి జరిపి 13 సూత్రాలు కట్టండి. వేగం గుర్తు ఎక్కడ ధనాత్మకమైందో, దోషం ఎక్కడ కనిష్ఠమైందో రాయండి. ఆ రెండూ ఒకేచోట రాకపోతే, మీ శాంప్లర్ ఎక్కడుందో స్వయంగా వెళ్లి చూసి, దూరం కొలిచి, ఆ వివరం కూడా పంపండి.