కీమో నడుస్తుంటే పసరు మందు తాగొచ్చా? డాక్టర్‌కు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

ఇంట్లో ఒకరికి కీమో మొదలైందని తెలిస్తే హనుమకొండ అయినా ములుగు అయినా చూడటానికి వచ్చే చుట్టాలు ఒట్టి చేతులతో రారు. ఒకరు తిప్పతీగ తెస్తారు, ఇంకొకరు లక్ష్మణఫలం ఆకులు, మరొకరు ఎవరో ఇచ్చిన పసరు సీసా. తీరా డాక్టర్ "వేరే మందులేమన్నా వాడుతున్నారా" అని అడిగితే "లేదు సార్" అంటాం, ఎందుకంటే ఆకు మన లెక్కలో మందు కాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. చాలా కీమో మందులను అరగదీసి బయటికి పంపేది లివరే. ఏదైనా మూలిక ఆ పనిని నెమ్మది చేస్తే మందు ఒంట్లో పేరుకుని విషమవుతుంది, తొందర చేస్తే సరిగ్గా పని చేయకముందే పోతుంది. మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు ఇచ్చే బోర్టెజోమిబ్‌ను గ్రీన్ టీలోని పదార్థం అడ్డుకుంటుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ బలాన్ని మిరియాల సారం కలిపిన పసుపు గోలీలు తగ్గించగలవు. కూరలో వేసే పసుపు, అల్లం, వెల్లుల్లితో భయం లేదు, గోలీలు, పొడులు, కషాయాలతోనే టెన్షన్.

తిప్పతీగ సంగతి వేరే చెప్పాలి. కరోనా టైంలో అది వాడి లివర్ దెబ్బతిన్న పేషెంట్ల గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు. కీమో మధ్యలో ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్త పరీక్ష) రిపోర్టు పాడైతే డాక్టర్ అనుమానించేది కీమోనే, డోసు తగ్గిస్తారు లేదా వాయిదా వేస్తారు, అసలు కారణం మాత్రం మన వంటింట్లో సీసాలో ఉంటుంది.

అందుకే దాచకండి. ఏం వాడుతున్నారో ఆ డబ్బానో సీసానో సంచిలో వేసుకుని హాస్పిటల్‌కు పట్టుకుపోండి, ఎప్పటి నుంచి, రోజుకు ఎంత అన్నది ఓ చీటీ మీద రాసుకోండి. ఆయుర్వేదం అయితే వైద్యుడు రాసిచ్చిన మందుల చీటీ కూడా తీసుకెళ్లండి, భస్మాలు ఉంటే తప్పకుండా చెప్పాలి, కొన్నింట్లో సీసం, పాదరసం బయటపడ్డాయి. పసరులో ఏ ఆకులున్నాయో ఇచ్చినాయన్ని అడగండి, "చెబితే పని చేయదు" అంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఆపేయండి. ఇవన్నీ కీమో ఎక్కించే రోజు కాకుండా, ముందు రక్త పరీక్షలు ఇచ్చే రోజే అడిగితే మంచిది. డాక్టర్‌కు తీరిక లేకపోతే కీమో వార్డు నర్సునైనా అడగండి. ఆపరేషన్ ఉంటే ఎన్ని రోజుల ముందు మానాలో కూడా కనుక్కోండి.

పచ్చి రసాలు (గోధుమగడ్డి, బొప్పాయి ఆకు) ఇంకో బాధ. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయినప్పుడు సరిగ్గా కడగని ఆకుతో ఇన్ఫెక్షన్ రావచ్చు. జ్వరం 100.4 దాటితే కషాయం కాయకుండా నేరుగా హాస్పిటల్‌కే వెళ్లాలి, రాత్రయినా సరే.

మరి ప్రేమతో తెచ్చిన మేనత్తకు ఏం చెప్పాలి? వాదన పెట్టుకోకండి. "కీమో అయిపోయినంక సార్‌ను అడిగి తాగుతా అత్తమ్మా" అని సీసా తీసుకుని పక్కన పెట్టండి.