స్మార్ట్‌ఫోన్ సంతృప్తి సర్వేను నమ్మే ముందు ఎలా చదవాలి

2018 మే నెల మొదట్లో ఆపిల్ సంస్థ తన త్రైమాసిక ఫలితాలను వెల్లడిస్తూ, అమెరికా వినియోగదారులపై 451 రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ జరిపిన సర్వేను ప్రస్తావించింది. అన్ని ఐఫోన్ మోడళ్లనూ కలిపి చూస్తే సంతృప్తి 95 శాతం అనీ, అప్పటికి కొత్తవైన ఐఫోన్ 8, 8 ప్లస్, టెన్ మోడళ్లకు మాత్రమే చూస్తే 99 శాతం అనీ ఆ సర్వే చెప్పింది. ఈ అంకెలు కల్పితమని అనుమానించడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. అయితే ఆ మూడింటిలో మొదటి రెండూ 2017 సెప్టెంబరులో, చివరిది నవంబరులో అమ్మకానికి వచ్చాయి. అంటే సర్వేలో పాల్గొన్న ఎవరి చేతిలోనూ ఆ కొత్త ఫోన్ 8 నెలలకు మించి లేదు. బ్యాటరీ సత్తువ తగ్గడం, రెండు పెద్ద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల తర్వాత ఫోన్ నెమ్మదించడం, వారంటీ ముగిశాక మరమ్మతుకు పెట్టవలసిన ఖర్చు వంటివి వారిలో చాలామందికి ఇంకా అనుభవంలోకి రాని కాలమది. సర్వే అబద్ధం చెప్పలేదు. అడిగిన మనుషులు, అడిగిన సమయంలో, అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబునే చెప్పింది. దానిని "ఈ ఫోన్ నేను కొనవచ్చా" అనే మన ప్రశ్నకు జవాబుగా తీసుకున్నప్పుడే చిక్కు వస్తుంది. అందుచేత సంతృప్తి సర్వే ఏదైనా కంటపడినప్పుడు దానిని నమ్మాలా వద్దా అని ఒక్క మాటలో తేల్చుకోకుండా, అది ఏ ప్రశ్నకు జవాబో కనుక్కోవడంతో మొదలుపెట్టాలి.

సంతృప్తి అనేది ఫోన్‌లో ఉండే గుణం కాదన్న సంగతిని ముందుగా మనసులో పెట్టుకోండి. కొనేముందు పెట్టుకున్న ఆశకూ, వాడిన తర్వాత కలిగిన అనుభవానికీ మధ్య తేడాను బట్టి సంతృప్తి ఏర్పడుతుందని మార్కెటింగ్ పరిశోధకుడు రిచర్డ్ ఆలివర్ 1980లో ప్రతిపాదించారు. ఈ రంగంలో పరిశోధకులు ఇప్పటికీ ఆ ఆలోచననే ఆధారం చేసుకుంటారు. దీని పర్యవసానం చిన్నది కాదు. తక్కువ ధరకు ఫోన్ కొని, కాల్స్ బాగా వినిపిస్తే చాలనుకున్న మనిషి పూర్తి మార్కులు వేయవచ్చు. అత్యంత ఖరీదైన ఫోన్ కొని, రాత్రిపూట తీసే ఫోటోల్లో చిన్న లోపాన్ని గమనించిన మనిషి మార్కులు తగ్గించవచ్చు. మొదటి ఫోన్ రెండోదానికంటే మంచిదని దీని అర్థం కాదు. వేర్వేరు ధరల తరగతుల్లోని ఫోన్లను ఒకే సంతృప్తి పట్టికలో పెట్టి పోల్చినట్లయితే, ఆ పట్టికలోని వరుసను పక్కన పెట్టేయడమే మంచిది.

దీనికి తోడు, డబ్బు పెట్టి ఎంచుకున్న వస్తువును సమర్థించుకోవడం మనిషి స్వభావం. 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ ఒక ప్రయోగంలో గృహోపకరణాలకు మార్కులు వేయమని కొందరు మహిళలను కోరి, ఆ తర్వాత రెండింటిలో ఒకదానిని ఎంచుకోమన్నారు. మళ్లీ మార్కులు వేయమన్నప్పుడు, తాము ఎంచుకున్నదాని విలువ పెంచి, వదులుకున్నదాని విలువ తగ్గించే ధోరణి వారిలో కనిపించింది. వస్తువులు మారలేదు, మారినది ఎంపిక జరిగిందన్న వాస్తవం మాత్రమే. స్మార్ట్‌ఫోన్ అంతకంటే ఖరీదైనది, రోజంతా చేతిలో ఉండేది, నలుగురికీ కనిపించేది. అందువల్ల యజమానులు తమ ఫోన్ గురించి చెప్పే మాటలో ఆ ఎంపికను సమర్థించుకునే పాలు ఎంతో కొంత ఉంటుంది. 80 శాతం సంతృప్తి అన్నప్పుడు అది గొప్ప మార్కు అనుకోకుండా, ఈ రంగంలో మామూలు స్థాయి ఎంతో చూసి, దానితో పోల్చి చదవాలి.

ఎవరిని అడిగారు

సర్వే ప్రకటనలో నేను ముందుగా వెతికేది చివర చిన్న అక్షరాల్లో ఉండే పద్ధతి వివరణ. ఎంతమందిని అడిగారన్నది అందులో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. వారిని ఎలా ఎంచుకున్నారన్నది తరచుగా ఉండదు. నిజానికి రెండోదే ముఖ్యం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి పోస్టు కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని ప్రకటించింది. ఆయన ప్రత్యర్థి రూజ్వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలుచుకున్నారు. చిరునామాలను టెలిఫోన్, కారు యజమానుల జాబితాల వంటి వాటి నుంచి తీసుకోవడం, పనిగట్టుకుని జవాబు పంపినవారు మిగతావారికంటే భిన్నమైనవారు కావడం ఆ వైఫల్యానికి కారణాలు. అదే ఎన్నికల్లో ఎన్నో రెట్లు చిన్న నమూనాతో అభిప్రాయ సేకరణ నిపుణుడు జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పగలిగారు.

ఇప్పటి ఫోన్ సర్వేలు ఎక్కువగా ఆన్‌లైన్ ప్యానెళ్ల ద్వారా జరుగుతాయి. ఇష్టమున్నవారు పేరు నమోదు చేసుకుని, చిన్న ప్రతిఫలం కోసం ప్రశ్నావళులు పూర్తిచేస్తారు. ఈ పద్ధతిలో చొరబడే తప్పుడు జవాబుల పరిమాణాన్ని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ప్రచురించిన విశ్లేషణ కళ్లకు కట్టింది: అలాంటి ఒక సర్వేలో 30 ఏళ్ల లోపువారిగా నమోదైనవారిలో 12 శాతం మంది తమకు అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు ఉందని చెప్పారు. ప్రశ్న చదవకుండా 'అవును' నొక్కుకుంటూ వెళ్లేవారు "మీ ఫోన్‌తో మీరు సంతృప్తిగా ఉన్నారా" అనే ప్రశ్నకూ 'అవును' అనే నొక్కుతారు. కాబట్టి యాదృచ్ఛికంగా ఎంచుకున్న నమూనానా, స్వచ్ఛందంగా చేరిన ప్యానెలా, లేక కంపెనీ తన వినియోగదారులకే పంపిన లింకా అన్నది చూడండి. ఈ మూడింటి నమ్మకం ఈ వరుసలోనే తగ్గుతూ వస్తుంది. ఎంపిక ఎలా జరిగిందో అసలు చెప్పకపోతే మూడోదిగానే లెక్కవేసుకోండి.

ఇంకొక లోపం ఉంది. దానిని గుర్తించేవారు తక్కువ. సర్వే సాధారణంగా ఆ బ్రాండ్‌ను ప్రస్తుతం వాడుతున్నవారినే అడుగుతుంది. విసిగిపోయి మరో బ్రాండ్‌కు వెళ్లినవారు ఆ లెక్కలోంచి తప్పుకుంటారు. అసంతృప్తులు త్వరగా వెళ్లిపోయే బ్రాండ్‌లో మిగిలేవారు సహజంగానే సంతృప్తులై ఉంటారు గనుక, వినియోగదారులను పోగొట్టుకోవడమే ఆ బ్రాండ్ సగటును పెంచగలదు. గత ఏడాదిలో బ్రాండ్ మార్చినవారిని కూడా విడిగా అడిగిన సర్వే దొరికితే దానికి ఎక్కువ విలువ ఇవ్వండి.

ఎప్పుడు అడిగారన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. కొన్న మొదటి నెలల్లో అడిగిన సర్వే డిజైన్, స్క్రీన్, కెమెరా వంటివాటి గురించి పనికొచ్చే సమాచారం ఇస్తుంది, మన్నిక గురించి ఏమీ చెప్పదు. లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జింగ్ ఆవృత్తులు పెరిగేకొద్దీ సామర్థ్యం కోల్పోతుంది కాబట్టి, మూడేళ్లు వాడాలనుకునేవారికి రెండేళ్లు దాటిన యజమానుల మాటే కావాలి.

అంకెను ఎలా తయారుచేశారు

ఒకే జవాబుల గుట్ట నుంచి చాలా భిన్నమైన అంకెలు తీయవచ్చు. అత్యంత సాధారణమైన పద్ధతి 'చాలా సంతృప్తి', 'కొంత సంతృప్తి' అన్నవారిని కలిపి ఒకే శాతంగా చెప్పడం. 'కొంత సంతృప్తి' అనేది మర్యాదకు చెప్పే జవాబు కూడా కావచ్చు. కాబట్టి 'చాలా సంతృప్తి' అన్నవారి శాతం విడిగా ఇచ్చారేమో వెతకండి. ఫోన్ల మధ్య అసలు తేడా కనిపించేది ఆ అంకెలోనే.

రెండోది నెట్ ప్రమోటర్ స్కోర్. వ్యాపార సలహాదారు ఫ్రెడ్ రైక్‌హెల్డ్ 2003లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో, ఈ వస్తువును మీ మిత్రునికి సిఫారసు చేస్తారా అని అడిగి 0 నుంచి 10 వరకు మార్కు తీసుకుంటారు. 9, 10 ఇచ్చినవారి శాతం నుంచి 0 నుంచి 6 వరకు ఇచ్చినవారి శాతాన్ని తీసివేస్తే వచ్చేదే స్కోరు. 7, 8 ఇచ్చినవారు మొత్తం సంఖ్యలో ఉంటారు గాని, ఈ తీసివేతలోకి రారు. ఒక ఫోన్‌కు 100 మందిలో 50 మంది 9 లేదా 10, మిగతా 50 మంది 7 లేదా 8 ఇచ్చారనుకుందాం: స్కోరు 50. మరో ఫోన్‌కు 75 మంది 9 లేదా 10, 25 మంది 6 లేదా అంతకంటే తక్కువ ఇచ్చారనుకుందాం: స్కోరు మళ్లీ 50. మొదటి ఫోన్ కొన్నవారిలో తీవ్రంగా నిరాశపడినవారు లేరు. రెండో ఫోన్ కొన్న ప్రతి నలుగురిలో ఒకరు నిరాశపడ్డారు. కొనుగోలుదారుకు ఈ తేడాయే ముఖ్యం, స్కోరులో అది కనిపించదు.

మూడోది, అనేక అంశాలకు వేర్వేరు ప్రాధాన్యాలు ఇచ్చి కలిపే సూచిక. అమెరికా సర్వే సంస్థ జె.డి. పవర్ 2013లో ప్రకటించిన టాబ్లెట్ల అధ్యయనం దీనికి చక్కని ఉదాహరణ. అందులో 1000కి శాంసంగ్ 835, ఆపిల్ 833 పొందాయి. అంశాలవారీగా ఇచ్చిన గుర్తులను చూస్తే మాత్రం ధర తప్ప మిగతా వాటిలో ఆపిల్‌దే పైచేయిగా కనిపించడంతో, మొదటి స్థానం శాంసంగ్‌కు ఎలా వచ్చిందని అప్పట్లో చాలామంది ప్రశ్నించారు. సూచిక తప్పని నేననను. ధరకు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్నది సర్వే సంస్థ నిర్ణయం. ధరను పట్టించుకోని కొనుగోలుదారుకూ, ధరే ప్రధానమైన కొనుగోలుదారుకూ అదే సమాచారం నుంచి రెండు వేర్వేరు వరుసలు రావాలి. అందుచేత మొత్తం స్కోరును దాటి, మీకు ముఖ్యమైన రెండు మూడు అంశాల మార్కులనే చదవండి.

తేడా నిజమైన తేడాయేనా

పై ఉదాహరణలో తేడా వెయ్యిలో రెండు మాత్రమే. శీర్షికలు మొదటి స్థానం, రెండో స్థానం అని రాస్తాయి గనుక ఇంత చిన్న తేడా కూడా పెద్దదిగా కనిపిస్తుంది. దీనిని పరీక్షించడానికి గణితం పెద్దగా రానక్కరలేదు. యాదృచ్ఛిక నమూనాలో ఒక శాతానికి ఉండే పొరపాటు పరిధి, స్థూలంగా, నమూనా సంఖ్య వర్గమూలంతో 1ని భాగిస్తే వచ్చేది: 100 మందికి అటూ ఇటూ 10 శాతం పాయింట్లు, 400 మందికి 5, 1000 మందికి దాదాపు 3. ఇక్కడ వాడవలసినది మొత్తం సర్వే సంఖ్య కాదు, మీరు చూస్తున్న బ్రాండ్ యజమానుల సంఖ్య. 2000 మందితో జరిగిన సర్వేలో ఒక బ్రాండ్ వాటా 5 శాతమైతే, ఆ బ్రాండ్ గురించి మాట్లాడినవారు 100 మందే.

రెండు బ్రాండ్లను పోల్చేటప్పుడు ఈ పరిధి ఇంకా పెరుగుతుంది. ఒక్కో బ్రాండ్‌కు 300 మంది ఉండి, సంతృప్తి 80 శాతం ప్రాంతంలో ఉంటే, తేడా 6 పాయింట్లు దాటితే తప్ప అది కేవలం నమూనా ఎంపికలో వచ్చిన ఊగిసలాట కాదని చెప్పలేము. 82కూ 79కూ మధ్య తేడాతో ఫోన్ ఎంచుకోవడం నాణెం ఎగరేయడానికి పెద్దగా భిన్నం కాదు. స్వచ్ఛంద ప్యానెళ్లకు ఈ లెక్క నేరుగా వర్తించదు. వాటిలో ఎంపిక వల్ల వచ్చే పొరపాటు దీనికి అదనం.

సర్వేకు డబ్బు ఎవరు పెట్టారన్నది అడగవలసిన ప్రశ్నే గాని, దానితోనే తీర్పు ఇవ్వకూడదు. పురస్కారం వచ్చిన కంపెనీ దానిని ప్రకటనల్లో వాడుకోవడానికి సర్వే సంస్థకు రుసుము చెల్లించే ఏర్పాటు ఈ వ్యాపారంలో మామూలే. అంతమాత్రాన ఫలితాన్ని కొనుక్కున్నారనలేము. కానీ అనేక సర్వేలు చేయించి అనుకూలమైనదానినే బయటపెట్టే అవకాశం కంపెనీకి ఎప్పుడూ ఉంటుంది. ఇంతకంటే నన్ను కలవరపెట్టేది మరమ్మతు తర్వాత జరిగే సంతృప్తి సర్వే. ఒకసారి నా ఫోన్ స్క్రీన్ మార్పించుకున్నప్పుడు అక్కడి ఉద్యోగి, "రేపు మీకు కాల్ వస్తుందండీ, దయచేసి 10 చెప్పండి, 9 చెప్పినా మాకు ఇబ్బంది అవుతుంది" అని బతిమాలాడు. అతనిని తప్పుపట్టలేను, నేను 10 చెప్పాను కూడా. స్కోరును ఉద్యోగుల జీతానికీ పనితీరుకూ ముడిపెట్టిన చోట ఆ స్కోరు సేవ నాణ్యతను కొలవడం మానేస్తుంది.

ఎక్కడ పనికొస్తాయి

ఇన్ని లోపాలున్నా ఈ సర్వేలను పారేయవలసిన పనిలేదు. ఒకే సంస్థ, ఒకే ప్రశ్నలతో, ఒకే పద్ధతిలో ఏటేటా చేసే సర్వేలో ఒక బ్రాండ్ స్కోరు వరుసగా రెండు మూడేళ్లు పడిపోతే, అది గంభీరంగా తీసుకోవలసిన సంకేతం. పద్ధతిలోని పక్షపాతం ప్రతి ఏడాదీ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి మార్పు నిజమయ్యే అవకాశం ఎక్కువ. 1994 నుంచి 0–100 కొలమానంతో సాగుతున్న అమెరికన్ కస్టమర్ శాటిస్‌ఫాక్షన్ ఇండెక్స్ వంటి వాటి అసలు విలువ ఆ కొనసాగింపులోనే ఉంది. అలాగే అభిప్రాయం కాక సంఘటన అడిగిన ప్రశ్నలకు ఎక్కువ బరువు ఇవ్వండి. "బ్యాటరీతో సంతృప్తిగా ఉన్నారా" కంటే "గత ఏడాదిలో ఫోన్‌ను ఎన్నిసార్లు మరమ్మతుకు ఇచ్చారు", "మళ్లీ ఇదే బ్రాండ్ కొన్నారా" అన్నవి నమ్మదగినవి. మళ్లీ కొంటానని చెప్పడం వేరు, కొనడం వేరు. పైగా పాత ఫోన్‌లోని యాప్‌లు, ఫోటోలు, అలవాట్లు వదులుకోలేక అదే బ్రాండ్‌లో ఉండిపోయేవారు కూడా ఉంటారు.

మీ ముందు రెండు ఫోన్లు ఉన్నాయనుకుంటే, ఒకే ధరల తరగతికి చెందిన సర్వే తీసుకుని, ఒక్కో బ్రాండ్‌కు ఎంతమంది జవాబిచ్చారో రాసుకోండి. వారు ఫోన్‌ను ఎన్ని నెలలు వాడారో దాని పక్కన రాయండి. మీకు కావలసిన రెండు అంశాలలో 'చాలా సంతృప్తి' శాతాలనూ, అడుగున ఉన్న అసంతృప్తుల శాతాలనూ విడిగా పోల్చండి. తేడా పొరపాటు పరిధిలోపే ఉంటే ఆ సర్వేను అక్కడితో ఆపి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు, బ్యాటరీ మార్పించడానికి ఎంత అవుతుంది, విడిభాగాలు దొరుకుతాయా అన్న ప్రశ్నలను బట్టి ఎంచుకోండి. వాటికి జవాబులు రాతపూర్వకంగా దొరుకుతాయి.