ఆదివాసుల డీఎన్‌ఏ నమూనాలు సేకరించే ముందు జాగ్రత్తలు

సూది బయటికి తీయకముందే ఇవి తేల్చుకోండి.

• ముందు తెగ పాలకమండలితో మాట్లాడాలి. వ్యక్తి సంతకం ఒక్కటే చాలదు. ఒకరి జన్యువులు బంధువులందరి గురించీ చెబుతాయి. అమెరికాలోని నవాహో తెగ స్వపరిపాలన ప్రాంతమైన నవాహో నేషన్ 2002లో జన్యు పరిశోధనలనే ఆపేసింది. అలాంటి చోట ఎవరో ఒకరు ఒప్పుకున్నారు కదా అంటే కుదరదు.

• నమూనా దేనికి వాడతారో అంగీకార పత్రంలో విడమరిచి రాయండి. ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే హవాసుపాయ్ తెగ ప్రజలు 1990 నుంచి మధుమేహ పరిశోధన కోసమనే రక్తం ఇచ్చారు. పత్రంలో మాత్రం ప్రవర్తన, వైద్య సంబంధ రుగ్మతలు అని వదులుగా రాసి ఉంది. ఆ రక్తాన్ని స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి, మేనరికాల వంటి సంబంధాలు, పూర్వీకుల వలసల అధ్యయనాలకూ వాడారు. ఆ లోయే తమ పుట్టినిల్లని నమ్మే వాళ్లకు, మీ పూర్వీకులు ఆసియా నుంచి వచ్చారని చెప్పడం చిన్న విషయం కాదు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ రాజీకి వచ్చి 7 లక్షల డాలర్లు చెల్లించింది, మిగిలిన నమూనాలు తిరిగిచ్చింది.

• నమూనాలు ఏ ల్యాబ్‌లో ఉంటాయి? వెనక్కి అడిగితే ఇస్తారా? రాతపూర్వకంగా ఉండాలి.

• పేటెంట్, లాభాల సంగతి ముందే మాట్లాడండి. పాపువా న్యూగినీలోని హగహాయ్ తెగ వ్యక్తి కణాలపై 1995లో అమెరికా ప్రభుత్వ సంస్థ తీసుకున్న పేటెంట్ పెద్ద దుమారం రేపింది. చివరికి వదులుకోవాల్సి వచ్చింది.

• దక్షిణాఫ్రికా ఆదివాసులైన సాన్ ప్రజలు 2017లో పరిశోధకుల కోసం సొంత నియమావళే ప్రకటించారు. అక్కడికి వెళ్లేవాళ్లు అది చదివాకే టికెట్ బుక్ చేసుకోండి.

• ఫలితాలు పరిశోధన పత్రికకు పంపేముందు నమూనాలిచ్చిన తెగవాళ్లకు చూపించండి.