విజయవాడ, గుంటూరుల్లో ఎయిడ్స్ కాలపు ఉద్యమ జ్ఞాపకాలను నమోదు చేసే విధానం

విజయవాడ, గుంటూరు నగరాల్లో ఎయిడ్స్ వ్యాప్తిని అడ్డుకోవడానికి వీధివీధీ తిరిగినవారిలో కోతీలు (ఆడతీరుతో మెలుగుతూ మగవారిని ఇష్టపడే పురుషులు), హిజ్రాలు, గే పురుషులు ఎందరో ఉన్నా, వారు చేసిన పని గురించి రాతలో మిగిలింది చాలా తక్కువ. ప్రభుత్వ కాగితాల్లో వారు ‘హైరిస్క్ గ్రూపు’ అనే గడి కింద ఒక అంకెగా కనిపిస్తారు. పత్రికల్లో కనిపిస్తే జాలికథగానో పోలీసు వార్తగానో కనిపిస్తారు. ఆ పనిని చేసినవారి నోటనే విని భద్రపరచాలనుకునే విద్యార్థులకూ కార్యకర్తలకూ సముదాయంలోని కొత్త తరానికీ పనికొచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. వెళ్లేవారు మొదట మనసులో పెట్టుకోవలసిన నియమం ఒక్కటే: జబ్బు గురించి అడగకుండా పని గురించి అడగాలి.

ఎవరినైనా కలవడానికి ముందు ఒక కాలక్రమాన్ని తయారుచేసుకోండి. 1981 జూన్ 5న లాస్ ఏంజెలస్‌లో ఐదుగురు గే యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియా గురించి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రచురించిన నివేదికతో అది మొదలవుతుంది. 1983లో డెన్వరు నగరంలో ఎయిడ్స్ ఉన్నవారే ఒక ప్రకటన చేసి, తమ గురించి నిర్ణయాలు జరిగే ప్రతి చోటా తమకు స్థానం ఉండాలని కోరారు. 1987 మార్చిలో న్యూయార్కులో ఏర్పడిన యాక్ట్ అప్ అనే ఎయిడ్స్ ఉద్యమ బృందం మరుసటి ఏడాది అక్టోబరు 11న ఔషధ నియంత్రణ సంస్థ కార్యాలయాన్ని ముట్టడించి, కొత్త మందుల అనుమతిలో జరుగుతున్న జాప్యాన్ని దేశం ముందు పెట్టింది. మన దేశంలో 1986లో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల చెన్నైలో తొలి కేసులను గుర్తించారు. ఎయిడ్స్ పేరుతో జరిగే వివక్షను ఎదిరించడానికి ఢిల్లీలో ఏర్పడిన ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ 1992 ఆగస్టు 11న పోలీసు ప్రధాన కార్యాలయం ఎదుట ధర్నా చేసింది. పార్కులో ఉన్న పురుషులను స్వలింగ సంపర్కులన్న అనుమానంతో పట్టుకుపోవడమే దానికి కారణం. తిహార్ జైల్లో ఖైదీలకు కండోములు ఇవ్వడానికి అధికారులు నిరాకరించినప్పుడు, అప్పట్లో స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377వ సెక్షనును సవాలు చేస్తూ 1994లో హైకోర్టుకు వెళ్లింది కూడా ఈ బృందమే.

ఈ తేదీలను అప్పజెప్పడానికి నేర్చుకోనక్కరలేదు, వాటి నుంచి ప్రశ్నలు పుట్టాలి. ఉదాహరణకు 2001 జులైలో లక్నోలో హెచ్ఐవీ నివారణ కార్యకర్తలను 377వ సెక్షను కింద అరెస్టు చేసి 40 రోజులకు పైగా జైల్లో ఉంచారు. ఆ సంగతి తెలిసినవారు, అదే కాలంలో విజయవాడ బస్టాండులోనో రైల్వే స్టేషను బయటనో కండోములు పంచిన కోతీని కలిసినప్పుడు, ‘పోలీసులు సంచి తెరిపించినప్పుడు ఏం చెప్పేవారు? సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డును వాళ్లు నమ్మేవారా?’ అని అడగగలుగుతారు. అలాగే హెచ్ఐవీని అదుపులో ఉంచే ఉచిత ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయని తెలిస్తే, అంతకు ముందు మందులు ఎవరు కొనగలిగారు, కొనలేనివారి కోసం ఎవరు చందాలు పోగుచేశారు అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. న్యూయార్కులో జరిగినట్టు ముట్టడులూ నినాదాలూ ఇక్కడ కూడా ఉండాలని వెతుక్కుంటూ వెళ్తే ఉద్యమమే లేదనిపించే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో వార్డు బయట పడుకోబెట్టిన మనిషికి మంచం ఇప్పించడం, ఇంటివాళ్లు రాకపోతే శవానికి సంస్కారం చేయించడం, పోలీసు స్టేషనుకు వెళ్లి చేలాను (హిజ్రా గురువు దగ్గర ఉండే శిష్యురాలిని) విడిపించుకు రావడం వంటివన్నీ ఉద్యమ పనులుగానే లెక్కకు రావాలి; వాటి గురించి పేరుపేరునా అడగాలి.

సంభాషణను ఎలా ప్రారంభిస్తారన్నదానిపైనే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. హిజ్రా కుటుంబాల్లో గురువును అమ్మా అని, పెద్దవారిని అక్కా అని పిలిచే అలవాటు ఉంది కాబట్టి, వచ్చినవారు కూడా ఆ పిలుపునే అందుకోవడం మర్యాద. చేలాలతో మాట్లాడాలంటే ముందు గురువు అనుమతి తీసుకోవాలి. అయితే గురువు ఒప్పుకున్నంత మాత్రాన చేలా ఒప్పుకున్నట్టు కాదు, ఆమెను విడిగా అడిగి తీరాలి. ‘మీకు ఎప్పుడు తెలిసింది, ఎలా వచ్చింది’ అనే ప్రశ్నలు ఆసుపత్రి కౌన్సిలరు వేసేవి. వాటితో మొదలుపెడితే అక్కడ చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబే మీకూ వస్తుంది. ‘అమ్మా, ఆ రోజుల్లో సాయంత్రం ఫీల్డుకు బయలుదేరేటప్పుడు సంచిలో ఏమేం పెట్టుకునేవారు?’ అని అడిగి చూడండి. నిరోధ్ ప్యాకెట్లు, కండోము తొడిగి చూపించే చెక్క బొమ్మ, డైరీ, మంచినీళ్ల సీసా, పోలీసులు వస్తే విసిరేయవలసినవీ, విసిరేయకూడనివీ ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి, వాటి వెనుకే మనుషుల పేర్లూ వస్తాయి.

టీఐ ప్రాజెక్టుల్లో, అంటే ముప్పు ఎక్కువున్న సముదాయాల కోసం నడిపిన హెచ్ఐవీ నివారణ ప్రాజెక్టుల్లో, పీర్ ఎడ్యుకేటరుగా (తోటివారికి అవగాహన కల్పించే కార్యకర్తగా) పనిచేసినవారి ఇంట్లో ఆనాటి డైరీ గానీ సముదాయంవారు కలుసుకునే చోట్లను చూపిస్తూ చేత్తో గీసిన హాట్‌స్పాట్ పటం గానీ ఉందేమో తప్పక అడగండి. చార్టు మీద స్కెచ్ పెన్నుతో గీసిన అలాంటి పటంలో బస్టాండూ కాలువ గట్టూ సినిమా హాలూ గుర్తులుగా ఉంటాయి; వాటి పక్కన ఎవరు ఏ రోజు, ఏ వేళకు అక్కడ దొరుకుతారో చుక్కలతో సూచిస్తారు. అధికారులకు అది పర్యవేక్షణ కాగితం. మనకు మాత్రం ఒక నగరంలో కోతీలు తమకంటూ ఏర్పరచుకున్న చోట్లను వారి చేతితోనే చూపించే పత్రం, ఇంతకు మించిన ఆధారం మరొకటి దొరకదని నా అభిప్రాయం. పటాన్ని బల్ల మీద పరిచి, దాన్ని గీసినవారి వేలు ఎటు వెళ్తే అటు మాట్లాడించండి. ఫొటో తీసేటప్పుడు పేర్లున్న భాగాన్ని కాగితంతో కప్పండి, ఫోనులో లొకేషనును ఆపివేయండి. లైన్ లిస్టు, అంటే ప్రాజెక్టులో నమోదైనవారి జాబితా, కనిపిస్తే దానిని ఫొటో తీయకండి. అందులో ఇతరుల పేర్లు, వివరాలు ఉంటాయి.

సంవత్సరాలు అడిగితే చాలామంది తడుముకుంటారు, కృష్ణా పుష్కరాలను అడిగితే తడుముకోరు. 1992, 2004, 2016 పుష్కరాలు, 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన వరద, అదే ఏడాది సెప్టెంబరులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణం వంటి గుర్తులకు అటో ఇటో అని అడిగితే కాలం తేలుతుంది. ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని ఊరంతా కనిపించిన ప్రకటన కూడా మంచి గుర్తు; ఆ బోర్డు కింద నిలబడి పనిచేసినవారిని జనం ఏమని ఎగతాళి చేశారో అడిగితే ఆ ప్రచారం గురించి ఏ నివేదికలోనూ దొరకని సంగతులు దొరుకుతాయి.

రాతపూర్వక ఆధారాల విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. పాత నివేదికల్లో గుంటూరు జిల్లా అంటే నరసరావుపేట, బాపట్ల కూడా కలిసినది. కృష్ణా జిల్లా అంటే విజయవాడ ఉన్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించాక వచ్చిన అంకెలతో వాటిని నేరుగా పోల్చకూడదు. ఇక పత్రికల్లో వెతికేవారు 2000 చివరి నుంచి 2002 వరకు ఆంధ్రజ్యోతి వెలువడలేదని గుర్తుంచుకుంటే వృథా శ్రమ తప్పుతుంది. వార్తలతో పాటు, విజయవాడ వైద్యుడు డాక్టర్ సమరం వంటివారు లైంగిక విజ్ఞానంపై నిర్వహించిన ప్రశ్నోత్తరాలను కూడా చదవాలి. జవాబుల కన్నా పాఠకులు పంపిన ప్రశ్నల్లోనే ఆనాటి భయం తెలుస్తుంది. వార్తలో ఎవరి పేరైనా, ఊరైనా అచ్చయి ఉంటే, ఒకసారి బయటపడింది కదా అని మళ్లీ రాయడం ఎంతమాత్రం తగదు.

అంగీకారం గురించి కొంత వివరంగా చెప్పాలి. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, నమ్మకంతో చెప్పిన ఒకరి హెచ్ఐవీ స్థితిని వారి రాతపూర్వక అంగీకారం లేకుండా వెల్లడించకూడదు. అందువల్ల ఒకే సంతకంతో సరిపెట్టుకోకుండా, మాటను రికార్డు చేయడానికి, రాసి ఉంచడానికి, ఇతరులకు వినిపించడానికి, పేరు వాడడానికి వేర్వేరుగా అడిగి వేర్వేరుగా సంతకం తీసుకోండి. చదవలేనివారికి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, విన్న సాక్షి చేత కూడా సంతకం చేయించండి. మాట్లాడుతూ మాట్లాడుతూ వారు చనిపోయిన స్నేహితుల గురించి చెప్తారు. ఆ స్నేహితుల కుటుంబాలు ఈనాటికీ అదే వీధిలో ఉండవచ్చు కనుక వారికి మారుపేర్లు పెట్టాలి, ఆ పేర్లను చెప్పినవారే ఎంచుకోవాలి.

స్థలాన్ని వారినే నిర్ణయించనివ్వండి, ఆ పూట పోయే సంపాదననూ ఆటో ఖర్చునూ ముందే చేతికివ్వండి. మే నెల విజయవాడలో ఫ్యాను ఆపమనడం అన్యాయం కాబట్టి ఫోనును మడతపెట్టిన తువాలు మీద, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట ఉంచి, ఫ్లైట్ మోడులో పెట్టి రికార్డు చేయండి. ఫోను తనంతట తాను క్లౌడులోకి పంపే సదుపాయాన్ని ముందే ఆపివేయాలి. ప్రతులు రెండు ఉండాలి, అవి రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు కింది గదిలో ఉన్న కాగితాలేవీ మిగిలే పరిస్థితి లేదు.

రాత ప్రతి పూర్తయ్యాక దాన్ని చెప్పినవారి దగ్గరికే తీసుకెళ్లి మొదటి నుంచి చివరి వరకు చదివి వినిపించండి. వారు కొట్టివేయమన్న వాక్యాన్ని అది ఎంత విలువైనదైనా కొట్టివేయండి, రికార్డులోనూ ఆ భాగాన్ని తొలగించండి. ఆ తర్వాత తేదీ వేసి, ఎన్నేళ్ల వరకు ఎవరికీ ఇవ్వకూడదో, వారి తదనంతరం ఎవరిని అడిగి ఇవ్వాలో వారి మాటల్లోనే ప్రతి వెనుక రాయించుకోండి.