ఎంబీబీఎస్ మొదటి ఏడాది గట్టెక్కడం ఎలా?

ఇంటర్‌లో రెండేళ్లు, లాంగ్‌టర్మ్‌లో మరో ఏడాది బిట్లు కొట్టి కొట్టి విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకున్నవాళ్లకు మొదటి దెబ్బ వైవాలో, అంటే నోటి పరీక్షలో తగులుతుంది. నాలుగు ఆప్షన్లుండవు. చేతిలో ఎముక పెట్టి "చెప్పమ్మా" అంటారు, అంతే. కాబట్టి కళ్లతో చదవడం తగ్గించి, నోటితో చెప్పడం, చేత్తో గీయడం మొదలుపెట్టండి.

1. డిసెక్షన్‌కు (శవాన్ని కోసి చూసే క్లాసు) ముందురోజు రాత్రే ఆ భాగం ఓ అరగంట తిరగేయండి. ఏమీ చూడకుండా వెళ్తే శవం పాడవకుండా వాడే ఫార్మలిన్‌కు కళ్లు మండటమే మిగులుతుంది. వెనక వరసలో నిలబడొద్దు. వేళ్లతో తాకి చూడండి: ధమని గోడ మందంగా ఉంటుంది, సిర చదునుగా అణిగి ఉంటుంది, నరం తాడులా గట్టిగా తగులుతుంది.

2. ఎముకను ముందు పట్టుకోవడం నేర్చుకోండి. హ్యూమరస్ (భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక) తల పైకి, లోపలికి, కాస్త వెనక్కి తిరిగి ఉండాలి. అప్పుడే కుడిదో ఎడమదో తేలుతుంది. తలకిందులుగా పట్టుకున్నాక ఎంత బాగా చెప్పినా ఏం లాభం?

3. బ్రేకియల్ ప్లెక్సస్‌ను (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) చూడకుండా గీయండి. సీ5 (మెడ దగ్గరి ఐదో వెన్ను నరం) నుంచి టీ1 (ఛాతీ దగ్గరి మొదటిది) దాకా ఐదు రూట్లు, మూడు ట్రంకులు, ఆరు డివిజన్లు, మూడు కార్డులు, ఆ తర్వాత బ్రాంచీలు. తప్పు పోతే చించేసి మళ్లీ. తర్వాత రూమ్మేట్‌ను కూర్చోబెట్టి, సీ5, సీ6 దెబ్బతింటే చెయ్యి ఎందుకు ఒంటి పక్కన వేలాడి లోపలికి తిరిగిపోతుందో చెప్పండి. తెలుగు మీడియం వాళ్లు తెలుగులోనే చెప్పుకోండి, పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లో. విషయం అర్థమైతే వాక్యాలు అవే వస్తాయి.

4. ఫిజియాలజీలో (శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే సబ్జెక్టు) ప్రతి లైనుకూ "ఎందుకు" అని అడగండి. బయోకెమిస్ట్రీకి రోజూ కొంచెం చాలు. కానీ చివరి నెలకు వదిలేస్తే మాత్రం అదే ముంచుతుంది.

5. హిస్టాలజీ (మైక్రోస్కోపులో కణజాలాలు చూసే సబ్జెక్టు) బొమ్మల రికార్డు ఏ వారానిది ఆ వారమే వేసేయండి. ఊదా పెన్సిల్ న్యూక్లియస్‌కు, గులాబీ సైటోప్లాజంకు. సీనియర్ల రికార్డు చూసి దించితే స్పాటర్స్‌లో (చూసి పేరు చెప్పే పరీక్ష) స్లైడు గుర్తుపట్టలేరు.

6. హాజరు థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం ఉండాలి. పండగకు ఊరెళ్లి నాలుగు రోజులు అదనంగా ఉండిపోయేముందు ఆ లెక్క చూసుకోండి. మొదటి ఏడాది పాసవ్వడానికి మొత్తం నాలుగు అవకాశాలే. ఇంటర్నల్స్‌లో (కాలేజీ పెట్టే పరీక్షలు) వెనకబడితే సిగ్గుపడకుండా ఆ వారమే మెంటార్‌ను కలవండి.